ఎదురు ప్రశ్న

మీ తరగతిలో ఇట్లాంటివారు ఒకరైనా ఉంటారు. ఉపాధ్యాయులు ఒక లెక్కను ఒక పద్ధతిలో చేసి చూపిస్తే, "ఇంకొక విధంగా చేస్తే రాదా?" అని అడుగుతారు. ఆటకు నియమాలు చెబితే, "ఈ నియమం ఎవరు పెట్టారు? ఇట్లా మారిస్తే ఆట ఇంకా బాగుంటుంది కదా!" అంటారు. పదిమందీ ఔనన్నదానిని వారు కాదంటారు. పోనీలే అని మీరు వారి మాటకు ఒప్పుకున్నారనుకోండి. వెంటనే వారు పక్షం మార్చి, మీరు మొదట అన్న మాటను సమర్థించడం మొదలుపెడతారు! వారికి మీ మీద కోపం లేదు, పగ అసలే లేదు. వాదన వారికి చెడుగుడు ఆట వంటిది. ఆడినంతసేపూ ఉత్సాహమే. ఆట ముగిసిన తరువాత మీ భుజం మీద చెయ్యి వేసుకొని ఇంటికి నడిచి వస్తారు.

ఆ ఒకరు మీరే కావచ్చు కూడా.

షామ్‌బర్గ్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ స్వభావం వల్ల ఒక చిక్కు వస్తుంది. పగలు బడిలో ఎదురు ప్రశ్న వేస్తే ఉపాధ్యాయురాలు మెచ్చుకొంటారు. సాయంకాలం ఇంట్లో అదే ప్రశ్న వేస్తే, "పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు" అని అమ్మ కోప్పడుతుంది. నోరు ఒకటే, ప్రశ్న ఒకటే. మధ్యాహ్నం మూడు గంటలకు తెలివి అనిపించుకొన్నది రాత్రి ఏడు గంటలకు పొగరు అనిపించుకొంటుంది. దీనితో కొందరు పిల్లలు, వాదన అమెరికావారి అలవాటు, తెలుగువారికి అది గిట్టదు అనుకొంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ముందుగా ఈ స్వభావానికి పెట్టిన పేర్ల సంగతి. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ అనే ఇద్దరు మనుషుల స్వభావాలను 16 రకాలుగా విభజించారు. కార్ల్ యూంగ్ అనే స్విట్జర్లాండు వైద్యుడు 1921లో ప్రకటించిన గ్రంథం వారికి ఆధారం. కొత్త ఉపాయాలు పన్నుతూ, వాదనలో ఆనందం పొందేవారికి ఆ విభాగంలో ఇ.ఎన్.టి.పి. అని నాలుగు అక్షరాల పేరు ఉన్నది. ఇటువంటి ప్రశ్నపత్రాలు మీకు ఎప్పుడైనా ఎదురుపడతాయి. సరదాగా నింపవచ్చు. కాని ఒకే మనిషి కొన్ని వారాల తరువాత మళ్ళీ నింపితే వేరే అక్షరాలు రావడం సాధారణమే. అందువల్ల చాలామంది మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని గట్టి ప్రమాణంగా ఒప్పుకోరు. నాలుగు అక్షరాలు చూసి "నా పుట్టుకే ఇంత" అనుకోవడం, జాతకం చూసి చదువు మానుకోవడం రెండూ ఒకటే.

మన పూర్వులు మనిషికి పేరు పెట్టలేదు. వాదనకు పేర్లు పెట్టారు. అది నాకు ఇంకా తెలివైన పని అనిపిస్తుంది.

గౌతముడు చెప్పిన న్యాయశాస్త్రంలో వాదన మూడు విధాలు: వాదం, జల్పం, వితండం. ఈ మాటలు బరువుగా ఉన్నాయని బెదరకండి. ఒక ఉదాహరణ చెబుతాను. కార్తిక మాసంలో చలి కాబట్టి మీ తెలుగు తరగతివారు వేసవిలోనే బస్సీ వుడ్స్ అడవిలో వనభోజనం పెట్టుకొన్నారనుకోండి. ఒక పిల్ల లేచి, "వాన వస్తే వంటలన్నీ ఏమవుతాయి? పైకప్పు ఉన్నచోటు చూసుకొందాం" అన్నది. ఇంకొకరు, "కప్పు ఉన్నచోట పరుగెత్తి ఆడుకోవడానికి వీలుండదు" అన్నారు. ఇద్దరికీ కావలసింది వనభోజనం బాగా జరగడమే. ఎవరి మాట సరి అయితే వారి మాట వింటారు. ఇది వాదం. ఇక, "నేను చెప్పిన చోటికే వెళ్ళాలి, నా మాటే నెగ్గాలి" అని ఉన్నవీ లేనివీ కల్పించి మాట్లాడితే అది జల్పం. మూడవవాడు ఉంటాడు. అడవి వద్దంటాడు, చెరువుగట్టు వద్దంటాడు, ఇల్లూ వద్దంటాడు. "మరి ఎక్కడికి వెళదాం?" అంటే మాత్రం పలకడు. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివారి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్న ఈ వాదన పేరు వితండం. "వితండవాదం చేయకు" అని మీ నాన్నగారు ఎప్పుడైనా విసుక్కొని ఉంటే, ఆయన నోట సుమారు రెండు వేల ఏళ్ళ నాటి శాస్త్రపు మాట వచ్చిందన్నమాట!

ఆ శాస్త్రంలోనే ఇంకొక పద్ధతి ఉన్నది. మీ పక్షం చెప్పడానికి ముందు ఎదుటివారి పక్షాన్ని వారికంటె బాగా చెప్పాలి. దానిని పూర్వపక్షం అంటారు. ఆ తరువాతనే మీ సమాధానం, చివరకు సిద్ధాంతం. మీ అన్నలూ అక్కలూ హైస్కూలులో డిబేట్ పోటీలకు వెళుతుంటే అడిగి చూడండి. ఉదయం ఒక పక్షాన, మధ్యాహ్నం దానికి ఎదురు పక్షాన మాట్లాడవలసి వస్తుంది. అదీ పూర్వపక్షపు అభ్యాసమే. అష్టావధానంలో అయితే, అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి అడ్డుప్రశ్నలు వేసేవారికి మనవాళ్ళు వేదిక మీద ఒక కుర్చీయే వేశారు. ఆ పనికి అప్రస్తుత ప్రసంగం అని పేరు. కాబట్టి వాదన మనకు గిట్టదనే మాట చెల్లదు.

వాదించే స్వభావం పనిలో ఏమి చేస్తుందో చూడడానికి మీ ఊరికి సంబంధించిన కథే ఒకటి ఉన్నది. మోటరోలా సంస్థ 1976లో తన ప్రధాన కార్యాలయాన్ని షామ్‌బర్గ్‌కు తెచ్చుకొన్నది. 2016లో అది షికాగో నగరానికి మారేవరకు ఆ సంస్థ పేరూ ఈ ఊరి పేరూ జంటగా వినబడేవి. ఇక్కడికి రాకముందే ఆ సంస్థలో ఒక గొప్ప వాదన నడిచింది. సెల్యులర్ పద్ధతిని ఆలోచించినది బెల్ ప్రయోగశాలవారు. ఆ పద్ధతితో కార్లలో ఫోన్లు పెట్టాలని వారి ఉద్దేశం. మోటరోలాలో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు దానికి ఎదురు ప్రశ్న వేశారు. మనం మాట్లాడదలచుకొన్నది మనిషితోనా, కారుతోనా? ఫోను మనిషి చేతిలోనే ఎందుకు ఉండకూడదు? ప్రశ్న వేసి ఊరుకొంటే అది వితండం అయ్యేది. ఆయన బృందం సుమారు మూడు నెలలలో చేతితో పట్టుకొనే ఫోనును తయారుచేసింది. దాని బరువు కిలో పైమాటే! 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలబడి, కూపర్ ఆ ఫోనుతో మొదట ఎవరిని పిలిచారో తెలుసా? బెల్ ప్రయోగశాలలో తన ప్రత్యర్థి అయిన జోయెల్ ఎంగెల్‌ను! వాదనలో ఆనందం పొందేవారు చేసే పని అదే. ఆ పిలుపు తనకు గుర్తులేదని ఎంగెల్ అంటారని కూపర్ తరువాత నవ్వుతూ చెప్పేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ప్రశ్నకు మూడు నెలలలో నమూనా వచ్చింది. కాని జనం కొనుక్కోగల ఫోనుకు అనుమతి వచ్చింది 1983లో. అమెరికాలో మొదటి సెల్యులర్ సేవ ఆ ఏడు అక్టోబరు 13న షికాగోలోనే ప్రారంభమైంది. నడుమ పదేళ్ళు. ఆ పదేళ్ళ పని ఎదురు ప్రశ్న వేసినంత హుషారుగా సాగేది కాదు. బ్యాటరీ, యాంటెన్నా, బరువు, ఖర్చు, అన్నిటినీ కొంచెం కొంచెంగా సరిచేస్తూ పోవాలి. కొత్త ఊహలు వచ్చేవారికి అసలు కష్టం ఇక్కడే. పది పనులు మొదలుపెడతారు, ఒకటీ ముగించరు. మీ సైన్సు ప్రదర్శనకు ఇట్లాంటి స్నేహితుడు జతగా దొరికితే, ఊహ అతనిని చెప్పనివ్వండి, గడువు తేదీ మాత్రం మీరు చూసుకోండి. మీరే అట్లాంటివారైతే, పని ముగించే అలవాటు ఉన్న జతను వెతుక్కోండి.

అయితే ఊహ, వాదన, ఓపిక మూడూ ఒకే మనిషిలో ఉంటే? తెలుగువారిలో అటువంటివారు ఒకరు ఉన్నారు. ఆయన లేకపోతే మీరు ఇప్పుడు చదువుతున్న ఈ పాఠం ఈ భాషలో ఉండేది కాదేమో.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకొన్నారు. అక్కడ ఆయన తోటి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ ఊరి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు తెలుగుతో చుట్టరికం లేదు, అది ముండా భాషలలో చేరినది. అప్పట్లో దానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. మైదానపు జనం దానిని ఒక భాషగానే లెక్కపెట్టేవారు కారు. రామమూర్తిగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని ఆ భాషను నేర్చుకొన్నారు. సవర పిల్లల కోసం వారి భాషలో పుస్తకాలు వ్రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఈ పనికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి నడపనివ్వండి అని అడిగారు. కొండలలో తిరిగినందుకు మలేరియా పట్టుకొన్నది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. తెలుగునాట అందరికంటె పెద్ద వాదం నడిపిన మనిషికి ఎదుటివారి మాట సరిగా వినబడేది కాదు!

ఆ పెద్ద వాదం ఏమిటంటే:

ఆ రోజులలో బడి పుస్తకాల తెలుగు వేరు, నోటి తెలుగు వేరు. ఇంట్లో "వస్తున్నాడు" అనే పిల్లవాడు బడిలో "వచ్చుచున్నాడు" అని వ్రాయాలి. "చేశాడు" అంటే తప్పు, "చేసెను" అనాలి. దీనిని గ్రాంథిక భాష అంటారు. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు అనే ఇంగ్లీషు దొరకు, పుస్తకాలలో తాను నేర్చుకొన్న తెలుగు ఊళ్ళో ఎవరూ మాట్లాడకపోవడం వింతగా తోచింది. ఆయన అడిగిన ప్రశ్న రామమూర్తిగారిని పట్టుకొన్నది. మరి విడిచిపెట్టలేదు. సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పిన మనిషి, తెలుగు పిల్లలకు వారి తెలుగులో చదువు ఎందుకు చెప్పకూడదని అడగకుండా ఎట్లా ఉంటారు?

పూర్వపక్షం ముందు చెప్పాలి కదా. గ్రాంథికం కావాలన్నవారు తెలివితక్కువవారు కారు. శ్రీకాకుళం మాట వేరు, కర్నూలు మాట వేరు, తెలంగాణం మాట వేరు. ఎవరి మాట వారు వ్రాస్తే ఒకరు వ్రాసింది ఇంకొకరికి అర్థమవుతుందా? నన్నయ నాటినుంచి వచ్చిన కావ్యాలు రేపటి పిల్లలకు పరాయివైపోవా? ఇవి మంచి ప్రశ్నలే. ఈ పక్షానికి నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. వారి ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువును పండితులు ఈనాటికీ తిరగవేస్తారు.

రామమూర్తిగారు వాదించిన తీరు చూడండి. నా మాటే సరి అని గొంతు చించుకోలేదు. గ్రంథాలు తెరిచారు. పాత కవులు, వ్యాఖ్యాతలు తమ కాలపు వాడుక మాటలు వాడిన చోట్లను ఏరి కూర్చారు. 'గద్య చింతామణి', 'బాలకవి శరణ్యం' అట్లా పుట్టినవే. ఆ తరువాత, వ్యాకరణం తప్పరాదనే పండితుల వ్రాతలనే తీసుకొని, ఆ వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటిగా చూపారు. నియమాలు పెట్టినవారే వాటిని పాటించలేకపోతే పదేళ్ళ పిల్లవాడు ఎట్లా పాటిస్తాడు? ఆయన వాదానికి ప్రాణం ఇదే. దెబ్బ గట్టిదే. ఆ పుస్తకానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టారు. భిషక్కు అంటే వైద్యుడు. ఆ పేరులో కొంచెం ఎత్తిపొడుపు ఉన్నది. జల్పానికి గుమ్మం దాకా వెళ్ళారని నాకు అనిపిస్తుంది. ఎంతటివారికైనా గెలుపు రుచి అటు లాగుతుంది.

స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు ఏ తెలుగులో వ్యాసం వ్రాయాలన్నది అప్పటి తగవు. ఆ విడత వాడుకభాషా పక్షం ఓడింది. గురజాడవారు 1914లో తమ అసమ్మతిని వ్రాసి ఇచ్చి, మరుసటి ఏడు కన్నుమూశారు. రామమూర్తిగారికి చిన్ననాటి స్నేహితుడు పోయారు, పరీక్షలో ఓటమి మిగిలింది. ఆయన పర్లాకిమిడి నుంచి 'తెలుగు' అనే మాసపత్రిక తీశారు. ఊరూరా తిరిగి మాట్లాడారు. జీవితమంతా గ్రాంథికంలో వ్రాసి పేరుపొందిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు చివరకు ఈ వాదానికి ఒప్పుకొన్నారు. 1919లో రాజమహేంద్రవరంలో వాడుకభాష కోసం ఒక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులు వీరేశలింగంగారే, కార్యదర్శి రామమూర్తిగారు. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దమనిషి, తాను నడిచిన దారి మార్చుకొన్నారు! ఎత్తిపొడుపు అట్లాంటి మార్పు తేలేదు. పోగుచేసిన రుజువులు తెచ్చాయి. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదుటనే రామమూర్తిగారు గంటల తరబడి ప్రసంగించి, గ్రంథాలలోని ప్రయోగాలు ఎత్తి చూపి, సభను తన వైపు తిప్పుకొన్నారు.

ఇక ఇంటి సంగతికి వద్దాం. సభలో వాదించడం ఒక ఎత్తు, అమ్మమ్మతో వాదించడం ఇంకొక ఎత్తు. ఇక్కడ తెలుగు మాటలోనే ఒక మెలిక ఉన్నది. ఇంగ్లీషులో ఒంటిగా "ఎందుకు?" అంటే అది ప్రశ్న. తెలుగులో ఒంటిగా "ఎందుకు?" అంటే చాలాసార్లు "అక్కరలేదు" అని అర్థం. "ఇంకొంచెం అన్నం పెట్టనా?" అంటే "ఎందుకూ" అంటాము కదా! అందువల్ల ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టవద్దని అమ్మమ్మ చెప్పినప్పుడు మీరు "ఎందుకు?" అని ఊరుకొంటే, ఆమెకు అది ప్రశ్నగా వినబడదు. తిరస్కారంగా వినబడుతుంది. "ఎందుకమ్మమ్మా?" అని అడిగి చూడండి. ఆ ఒక్క పిలుపుతో అది నేర్చుకొనేవారి ప్రశ్న అవుతుంది. తడి తగిలితే బూజు పడుతుందని ఆమె చెబుతుంది. బూజుకు తేమ కావాలని మీరు సైన్సులో చదివినదే. అప్పుడు, "మరి ఉప్పు ఎక్కువ వేస్తే?" అని మీరు అడగవచ్చు. వాదం మొదలైంది. ఇద్దరికీ కావలసింది ఆవకాయ చెడకపోవడమే.

పెద్దలకు కూడా ఇందులో ఒక పని ఉన్నది. ఈ పేజీ వారికి చూపించండి. వాదించే పిల్లకు "నోరు మూసుకో" అన్న మాట ఎక్కదు. కారణం చెబితే ఎక్కుతుంది. "ఇప్పుడు బయలుదేరాలి, దారిలో కారులో వాదించుకొందాం" అన్నా ఎక్కుతుంది. అడిగినదానికి జవాబు తెలియకపోతే "చూసి చెబుతాను" అనడంలో పెద్దరికం తగ్గదు.

స్నేహితుల దగ్గర ఇంకొక జాగ్రత్త కావాలి. మీ స్నేహితురాలికి జట్టులో చోటు దొరకలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకొని మీ దగ్గరకు వచ్చింది. వాదించే స్వభావం ఉన్నవారి నోట వెంటనే, "శిక్షకుడి వైపునుంచి చూస్తే..." అని వస్తుంది. పూర్వపక్షం చక్కగానే ఉంటుంది. కాని ఆమె వాదానికి రాలేదు. ఆ పూట పక్కన కూర్చుంటే చాలు. మిమ్మల్ని బాధపెట్టాలని వారు అట్లా మాట్లాడరని వాదించేవారి స్నేహితులు కూడా గుర్తుపెట్టుకొని, "ఇవాళ వాదన వద్దు, ఊరికే విను" అని నోరు తెరిచి చెప్పాలి. ఇట్లాంటివారికి సైగలు అర్థం కావు, సూటిమాట అర్థమవుతుంది.

అన్ని తగవులూ సర్దుకోవు. రామమూర్తిగారి జీవితంలోనే అటువంటిది ఒకటి జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి రాజావారు తమ ఊరిని ఆ రాష్ట్రంలో చేర్పించుకొన్నారు. రామమూర్తిగారు దీనిని గట్టిగా ఎదిరించారు. ఆయన పాఠాలు చెప్పింది ఆ రాజావారి విద్యాలయంలోనే. ఈసారి సభ ఆయన వైపు తిరగలేదు. కొత్త రాష్ట్రం ప్రారంభమైన రోజు ఉదయమే, యాభై ఏళ్ళకు పైగా నివసించిన ఊరిని వదలిపెట్టి రాజమహేంద్రవరం వచ్చేశారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. సవర కొండలు దూరమయ్యాయి. సవర పని మాత్రం ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లోనే అచ్చయింది. సవర మాటలకు ఇంగ్లీషు అర్థాలు చెప్పే ఆయన నిఘంటువు 1938లో మద్రాసులో వెలువడింది. 1940 జనవరిలో పత్రికల సంపాదకులను కలుసుకొని, పత్రికలు వాడుకభాషలో వ్రాయాలని ఇంకొకసారి అడిగారు. అదే నెల 22న కన్నుమూశారు.